కావోమోజి: జపాను ముఖాక్షరములలో నృత్యరూపములు

కంప్యూటరు మీటలపై దొరకు విరామచిహ్నములను, గణితసంకేతములను, గీతలను, నానాలిపుల అక్షరములను ఒకదాని సరసన నొకటి చేర్చి మనుష్యముఖమును, ఆ ముఖమున దోచు భావమును స్ఫురింపజేయు సంజ్ఞలకు జపాను భాషలో కావోమోజి యని పేరు. కావో యనగా ముఖము. మోజి యనగా అక్షరము. నవ్వు, ఏడ్పు, కోపము, సిగ్గు, నిద్రమత్తు మున్నగువానిని తెలుపు ముఖాక్షరములు వేలకొలదిగా నున్నవి. వానిలో కేవలము ముఖముతో తృప్తినొందక చేతులను గూడ సంపాదించుకొని, ఆ చేతులను ఊపుచు, ప్రక్కనున్న మరియొక బొమ్మతో జతగూడి చిందులు వేయుచున్నట్లు కన్పట్టు నృత్యరూపములు ఒక ప్రత్యేకశాఖగా పెరిగినవి. అచ్చుపంక్తిలోని అక్షరము కదలదు. నృత్యమునకో కదలికయే ప్రాణము. ఈ రెండింటికి పొత్తు కుదిర్చిన విధమును పరిశీలించుటయే ఈ వ్యాసమున ప్రధానాంశము.

యంత్రాక్షరములతో భావమును సూచించు ప్రయత్నము జపానులోనే మొదలైనది కాదు. 1982 సెప్టెంబరు 19వ తేదీన అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునందు కంప్యూటరు శాస్త్రజ్ఞుడైన స్కాట్ ఫాల్మన్, పరిహాసమునకు వ్రాసిన మాటలను చదువరులు నిజమని భ్రమపడకుండుటకై వాని చివర :-) అను గుర్తును, పరిహాసము కానివాని చివర :-( అను గుర్తును ఉంచవలసినదిగా తోడివారికి సూచించెను. జపానులో 1985 ఏప్రిలు నెలలో టెలిఫోను వ్యవస్థపై ప్రభుత్వసంస్థకున్న గుత్తాధికారము తొలగిపోగా, ఇంటిలోని చిన్న కంప్యూటరును టెలిఫోను తీగకు తగిలించి పదుగురితో ఉత్తరప్రత్యుత్తరములు నడుపుకొను సేవలు బయలుదేరినవి. అట్టివానిలో నొకటియైన ఆస్కీ నెట్‌లో వాకబయాషి యసుషి యనునతడు 1986 జూను 20వ తేదీన (^_^) అను ముఖమును వ్రాసెననియు, జపాను ముఖాక్షరములకు అదియే ఆద్యమనియు సాధారణముగా చెప్పుదురు. ఆ సంవత్సరముననే పీసీ-వ్యాన్, మరుసటి సంవత్సరము నిఫ్టీ-సర్వ్ అను పెద్ద సేవలు ప్రారంభము కాగా, ఈ ముఖములు దేశమంతట వ్యాపించినవి.

ఫాల్మన్ గుర్తునకు, వాకబయాషి గుర్తునకు గల భేదము మొదటిచూపునకు స్వల్పముగా కన్పించును గాని, నృత్యరూపముల చరిత్రకు అదియే మూలాధారము. పాశ్చాత్యముఖము పంక్తిలో ప్రక్కకు ఒరగి పండుకొనియున్నది. దానిని చదువుటకు మెడ నెడమవైపునకు వంచినట్లు భావించుకొనవలెను. అట్టి ముఖమునకు కుడియెడమలు పంక్తికి పైనను, క్రిందను పడును. అచట అక్షరమునకు చోటు లేదు. కావున దానికి చేతులు మొలిపించుటకు వీలులేదు. జపాను ముఖమట్లు కాక నిటారుగా నిలిచి చదువరిని ఎదురుగా చూచుచున్నది. దాని కుడియెడమలు పంక్తి కుడియెడమలతో ఏకీభవించును గనుక, బ్రాకెట్టునకు ఈవల నొక గీతను, ఆవల నొక గీతను చేర్చినంతనే ఆ ముఖమునకు బాహువులు సిద్ధించును. నిలువుగా నిలిచిన ముఖము దొరకిననాడే నృత్యమునకు రంగస్థలము దొరకినదనుట అతిశయోక్తి కాదు.

ఈ నిలువు ముఖమున భావమెల్ల కన్నులలో నుండుటయు గమనింపదగినది. పాశ్చాత్యుల గుర్తులలో కన్నులు రెండు చుక్కలుగా మారక నిలిచి, నోరు మాత్రము వంగుచుండును. జపానీయుల గుర్తులలో నోరు తరచుగా ఒక అడుగుగీతయే; కన్నులు మాత్రము (^_^) అని నవ్వును, (;_;) అని ఏడ్చును, (>_<) అని బాధతో మూసికొనును. జపాను శాస్త్రజ్ఞుడు యూకి మసాకి, తన సహచరులైన విలియమ్ మాడక్స్, మసుదా తకహికోలతో గూడి 2007లో ప్రకటించిన పరిశోధనలో, ఎదుటివాని భావమును గ్రహించుటకు జపానీయులు కన్నులపైనను, అమెరికనులు నోటిపైనను అధికముగా ఆధారపడుదురని నిరూపించెను. నృత్యరూపములలో ఈ లక్షణము మరియొక విధముగా ఉపకరించినది. కన్నులే ఆనందమును పూర్తిగా చెప్పివేయుటచేత నోటి తావున పాటను సూచించు తెరచిన నోటిని ఉంచుటకును, చేతులకు కావలసినన్ని గుర్తులు వెచ్చించుటకును అవకాశము కలిగినది.

ఇక ఆ చేతులు ఎచ్చటనుండి వచ్చినవి? ఆంగ్లభాషకు చాలిన యంత్రాక్షరముల పట్టిక వందకు లోబడిన గుర్తులతో సరిపెట్టుకొనును. చైనానుండి వచ్చిన వేలకొలది కంజి అక్షరములను వ్రాయవలసిన జపానునకు అది చాలదు. కావున 1978లో ఆ దేశపు పారిశ్రామిక ప్రమాణసంస్థ 6,349 కంజి అక్షరములతోబాటు 453 ఇతరాక్షరములును గల జాతీయ సంకేతావళిని నిర్ణయించెను. జపానీయుల స్వీయలిపులైన హిరగన, కతకనలే కాక గ్రీకు, రష్యను అక్షరములును, గణితచిహ్నములును ఆ ఇతరాక్షరములలో చేరినవి. 1983లో జరిగిన సవరణలో 39 ప్రత్యేకచిహ్నములును, పట్టికలు గీయుటకు పనికివచ్చు 32 గీతఖండములును క్రొత్తగా చేర్చబడినవి. ముఖాక్షరముల రచయితల కంటితో ఈ సవరణ జాబితాను చదివిన వానికి ఆశ్చర్యము కలుగక మానదు: సంగీతమును తెలుపు ♪ గుర్తు, నవ్వు కన్నుగా మారిన ⌒ అను చాపరేఖ, తెరచిన నోరుగా మారిన ∀, ∇ అను గణితచిహ్నములు, మోచేతివద్ద వంగిన బాహువులుగా మారిన గీతల మూలలు, ఇవన్నియు ఆ యొక్క సవరణలోనే వచ్చి చేరినవి. కార్యాలయములలో లెక్కల పట్టికలు గీయుటకని, తర్కగణితమును అచ్చువేయుటకని నిర్ణయించిన సామగ్రియే మూడేండ్లు గడచునప్పటికి ముఖములకు, అటుపిమ్మట నాట్యగాండ్రకు అంగములైనది.

గీతల మూలలతో కట్టిన జంట ఈ శాఖకెల్ల ప్రతినిధివంటిది. దానిని దగ్గరగా చూతము:

┏(＾▽＾)┛ ┗(＾▽＾)┓

ఒక పట్టికకు నాలుగు మూలలుండును. వానిలో ┏ అనునది పై ఎడమమూల, ┓ పై కుడిమూల, ┗ క్రింది ఎడమమూల, ┛ క్రింది కుడిమూల. మొదటి బొమ్మ పై ఎడమమూలను, దానికి కర్ణముగా నెదురైన క్రింది కుడిమూలను తీసికొన్నది. చదువరి ఎడమవైపుననున్న చేయి ముఖమునుండి వెలువడి క్రిందికి వంగినది, కుడివైపుననున్న చేయి పైకి లేచినది. మిగిలిన కర్ణములోని రెండుమూలలు రెండవ బొమ్మకు దక్కినవి. దానికి ఎడమచేయి పైకి, కుడిచేయి క్రిందికి. ఒక్క పెట్టెను విడదీసి నాలుగు మూలలను ఇరువురు నర్తకులు పంచుకొన్నారన్నమాట. ఇదే మూలలను మరియొక విధముగా పంచినచో నృత్యము నశించును. ┗(＾▽＾)┛ అని క్రిందిమూలలు రెంటిని ఒకనికే ఇచ్చిన నది కండలు చూపుచు నిలిచిన వస్తాదు. ┏(＾▽＾)┓ అని పైమూలల నిచ్చిన నది నడుమున చేతులూని నిలిచినవాడు. ఈ రెండును స్థిరమైన నిలుకడలు. చేయి యొకటి లేచుచు, ఒకటి వాలుచు నున్నప్పుడే శరీరము ఒక స్థితినుండి మరియొక స్థితికి పోవుచున్నదను భావము కన్నునకు కలుగుచున్నది. జాతీయ సంకేతావళిలో ఈ గీతలు లావువి, సన్ననివి అని రెండు జాతులుగా నుండుటచేత, సన్నని గీతలతో ┌(＾＾)┘ └(＾＾)┐ అని వ్రాసినప్పుడు నర్తకులు తేలికపడి, అడుగులు చులుకనైనట్లు తోచును.

రెండవ ప్రసిద్ధరూపమునకు బాహువులు వంకరగీతలు:

(〜￣▽￣)〜 〜(￣▽￣〜)

ఇందులోని నైపుణ్యము బ్రాకెట్టు వాడుకయందున్నది. మొదటి బొమ్మలో ఎడమచేయి బ్రాకెట్టునకు లోపలను, కుడిచేయి వెలుపలను ఉన్నవి. లోపలిచేయి శరీరమునకు అడ్డముగా వచ్చినట్లును, వెలుపలిచేయి దూరముగా చాచినట్లును భ్రాంతి గలిగి, రెండుచేతులును ఒకేవైపునకు కెరటమువలె సాగినట్లు కన్పించును. రెండవ బొమ్మ దీనికి ప్రతిబింబము. మూలగీతల జంట తాళము ననుసరించి త్రుళ్లిపడు ఆటయైనచో, ఇది కన్నులు మూసికొని పాటలో లీనమై ఊగు ఆట. కన్నుల స్థానమున ￣ అను పైగీత లుండుటచేత ముఖమున ఒక అరమోడ్పు వచ్చినది. నా మట్టుకు, ముఖాక్షరములలో ఇంత తక్కువ సామగ్రితో ఇంత ఒయ్యారమును సాధించినది మరియొకటి కన్పట్టలేదు.

ఈ వంకరగీతకు సంకేతావళుల చరిత్రలో పెద్ద చిక్కు కలదు. జపాను సంకేతావళిలోని ఒకే గుర్తును ప్రపంచలిపుల కన్నింటికి ఉమ్మడిగా నేర్పడిన యూనికోడ్ సంకేతావళిలోనికి మార్చుకొనునప్పుడు మైక్రోసాఫ్ట్ సంస్థ ఒక స్థానమునకును, ఇతరులు మరియొక స్థానమునకును మార్చిరి. తత్ఫలితముగా ఒక యంత్రమున వ్రాసిన బాహువు మరియొక యంత్రమున ప్రశ్నార్థకముగా మారుట సంభవించుచుండెను. పైపెచ్చు యూనికోడ్ పట్టికలో ఈ గుర్తునకు చూపిన నమూనాయే తలక్రిందుగా, అనగా లేవవలసినచోట వాలి, వాలవలసినచోట లేచి యుండెను. ఆ దోషమును 2015లో వెలువడిన ఎనిమిదవ కూర్పులో సవరించిరి. అంతవరకు ఆ నమూనాను నమ్మి రూపొందించిన అక్షరములలో నర్తకుని చేయి ఊగవలసిన దిక్కునకు ప్రతికూలముగా ఊగినది.

ఇట్టి కష్టమే చేతులెత్తిన ముఖమునకును కలిగెను. ఏటవాలు గీతలు రెంటిని ఇరువైపుల ఉంచి \(^_^)/ అని వ్రాయుట మిక్కిలి సులభము. కాని జపాను యంత్రాక్షరముల పట్టికలో ఎడమవైపునకు వాలిన గీత ఉండవలసిన స్థానమును ఆ దేశపు నాణెమైన యెన్ గుర్తునకు కేటాయించిరి. కావున వ్రాసినవాడు చేయి యెత్తితిననుకొన్నను చదువువాని తెరపై ¥(^_^)/ అని చేయికి మారుగా నాణెపు గుర్తు కన్పించును. దీనిని తప్పించుకొనుటకు పూర్ణచతురస్రమంత వెడల్పుగల ＼ ／ గీతలను కొందరు వాడిరి. మరికొందరు కతకన లిపిని ఆశ్రయించిరి. కతకనలో 'నో' అను అక్షరము కుడినుండి ఎడమకు దిగు ఒక్క వంపుగీత. అది ముఖమునకు కుడివైపున నుండి ఎత్తిన చేయియైనది. ముందున్న అక్షరమును మరల పలుకుమని సూచించు పునరుక్తిచిహ్నము దానికి ఎదురువైపుననుండు చేయి యైనది. ఈ పునరుక్తిచిహ్నమునకే పైన రెండు చిన్నగీతలు చేర్చినచో అది అక్షరమును నాదయుక్తముగా పలుకవలెనని తెలుపును. ముఖాక్షరముల రచయితలు ఆ రెండు గీతలను ఉచ్చారణనుండి విడదీసి, జపాను చిత్రకథలలో వస్తువు కదలుచున్నదని తెలుపుటకు దాని చెంత గీయు చిన్నగీతలుగా చదివిరి. నాదమును తెలుపు గుర్తు ఆ విధముగా ఊగుచున్న చేతిని తెలుపు గుర్తైనది. ఈ కతకన బాహువులు గల నర్తకులు నేడును విరివిగా వాడుకలో నున్నారు.

చిత్రకథలకు ముఖాక్షరములు పడియున్న ఋణము ఇంతటితో తీరలేదు. (((＾▽＾))) అని బ్రాకెట్టులను ఒకదానివెనుక నొకటి పేర్చుట శరీరపు కంపమును తెలుపును. ♪ గుర్తు మాటల చివర చేరి కంఠములోని ఉల్లాసమును తెలుపుట జపానీయుల సామాన్యలేఖలలోను ఆచారమే; నృత్యరూపములకు అది ముందో వెనుకో యుండి పాట సాగుచున్నదని చెప్పును. పాట వినబడని ఆట వట్టి చేతుల విసురుగా మిగులును గనుక, ఆ గుర్తు లేనిచో కొన్ని రూపములు నర్తకుడా, పరుగెత్తువాడా, వీడ్కోలు చెప్పువాడా అని సందేహమునకు లోనగును.

ఇచట నృత్యరూపములయొక్క అసలు రహస్యమునకు వత్తము. పాలంపేటలోని రామప్పగుడి మదనికలను చెక్కిన శిల్పి ఒక్క క్షణమును మాత్రమే రాతిలో నిలిపెను. మెడ, నడుము, మోకాలు మూడుచోట్ల వంగిన ఆ దేహమే ముందటి కదలికను, వెనుకటి కదలికను మన మనస్సునకు అందించుచున్నది. ముఖాక్షరమునకు మెడ లేదు, నడుము లేదు, మోకాలు లేదు. ఉన్నది ముఖము, రెండుచేతులు. కావున ఒక్క బొమ్మలో అది నృత్యమును సంపూర్ణముగా పలికింపజాలదు. ఆ లోపమును అది రెండవ బొమ్మతో తీర్చుకొన్నది. చదువరి కన్ను పంక్తివెంబడి ఎడమనుండి కుడికి ప్రయాణము చేయుటకు అలవాటుపడినది. ఆ ప్రయాణమునకు కొంత కాలము పట్టును. ఆ కాలమే నృత్యమునకు కావలసిన కాలము. మొదటిబొమ్మనుండి రెండవబొమ్మకు వచ్చునప్పటికి ఎత్తినచేయి దిగినది, దిగినచేయి లేచినది. అప్పుడు ఇరువురు నర్తకులు కలిసి ఆడుచున్నారనియు, ఒకే నర్తకుడు రెండు క్షణములలో కన్పించుచున్నాడనియు, రెండు విధములుగాను దానిని చదువవచ్చును. ఏ విధముగా చదివినను ఆట ఆగదు. జంటను నాలుగుమారులు, ఎనిమిదిమారులు వ్రాసినకొలది ఆట సాగును, సంతోషము హెచ్చును. రుడాల్ఫ్ లాబన్ 1928లో ప్రకటించిన నృత్యలేఖనపద్ధతియు కాలమును ఒక దిక్కుగా గ్రహించి, క్రిందినుండి పైకి చదువుకొనవలసిన స్తంభములలో అంగముల కదలికను వ్రాయును. కాని అది నర్తకుడు చూచి ఆడుటకు వ్రాసిన శాస్త్రము. ముఖాక్షరము చదువరిని ప్రేక్షకునిగా ఎంచుకొన్నది.

బొమ్మలను వరుసగా పేర్చి కదలికను చూపు ఈ పద్ధతికి పాశ్చాత్యదేశములందును ఒక ప్రసిద్ధమైన ఉదాహరణము పుట్టినది. నింటెండో సంస్థ ఆటలలోని కిర్బీ యను గుండ్రని పాత్ర 1992లో వచ్చిన తన మొదటి ఆటనుండియు ఒక్కొక్క ఘట్టమును గెలిచినప్పుడెల్ల నృత్యము చేయును. దాని ననుకరించి ఆంగ్లము వ్రాయువారు

(>'-')> <('-'<) ^('-')^ v('-')v

అని కుడికి, ఎడమకు, పైకి, క్రిందికి చేతులు చూపు నాలుగు బొమ్మలను వరుసగా వ్రాయసాగిరి. ఇందులో జపాను సంకేతావళినుండి తెచ్చుకొన్న గుర్తొక్కటియు లేదు. అయినను ముఖము నిలువుగా నున్నది, చేతులు బ్రాకెట్టులకు ప్రక్కన నున్నవి. పాశ్చాత్యుడు సయితము నృత్యమును వ్రాయవలసినప్పుడు పండుకొన్న ముఖమును విడిచి నిలిచిన ముఖమునకే వచ్చెను.

కాళ్లు లేకుండుట లోపముగా తోచవచ్చును. ఒక్కపంక్తిలో ముఖమునకు క్రింద చోటులేదు గనుక కాళ్లు రాలేదన్నది సాంకేతికకారణము. అయితే జపాను ప్రజానృత్యములను ఎరిగినవారికి ఈ బాహుప్రధానత అంత వింతగా కన్పింపదు. వేసవిలో పితృదేవతలను స్మరించు ఓబోన్ పండుగనాళ్లలో ఎత్తైన మంచె చుట్టును వలయముగా తిరుగుచు ఆడు బోన్ ఒదొరిలో అడుగులు సరళముగా నుండి, చేతుల విన్యాసమే పాటకు పాటకు భేదించుచుండును. షికోకు దీవిలోని తొకుషిమా నగరమున ప్రతి సంవత్సరము ఆగస్టు 12 మొదలు 15 వరకు జరుగు ఆవా ఒదొరిలో నర్తకులు రెండుమాత్రల తాళమునకు వీధులవెంట సాగుచు, చేతులను ఆద్యంతము పైకెత్తి ఆడుదురు. కుడికాలు ముందునకు వేయునపుడు కుడిచేయియే ముందునకు పోవును, ఎడమకాలికి ఎడమచేయి. 2000వ సంవత్సర ప్రాంతమున నగరయువజనులను విశేషముగా ఆకర్షించిన పారాపారా యను నృత్యమున కాళ్లు ప్రక్కకు రెండడుగులు వేయుటతో సరిపెట్టుకొనగా, చేతులు మాత్రము ప్రతి పాటకు ప్రత్యేకముగా నిర్ణయించిన భంగిమలను వేగముగా ప్రదర్శించును. ముఖాక్షరములు ఈ నృత్యములను చూచి గీచినవని చెప్పుటకు ఆధారము లేదు. చేతులను చూచి ఆటను గుర్తించు అలవాటు గల జాతిలో, చేతులు మాత్రమే గల నర్తకుడు అసంపూర్ణుడుగా తోచియుండడని మాత్రము చెప్పవచ్చును.

కాళ్లు గల నర్తకులును లేకపోలేదు. 1999లో నిషిమురా హిరోయుకి స్థాపించిన 2చానెల్ అను బహిరంగ సంభాషణవేదికలో, ముఖాక్షరములు ఒక్కపంక్తిని దాటి ఐదాఱు పంక్తుల చిత్రములుగా పెరిగినవి. పిల్లిముఖము గల మోనా మున్నగు పాత్రలు అచట ప్రసిద్ధి కెక్కినవి. వానికి మొండెము, కాళ్లు, తోకలు వచ్చినవి. ఒంటికాలు మడిచి చేయి విసరి ఆడు నిండుబొమ్మలును వెలసినవి. కాని ఇవి ఒకానొక అక్షరరూపమున, ఒకానొక పరిమాణమున చూచినప్పుడే సరిగా నిలుచును. అక్షరముల వెడల్పు ఏమాత్రము మారినను తల ఒకచోటికి, కాళ్లు ఒకచోటికి జరిగి బొమ్మ చెదరిపోవును. 1999 ఫిబ్రవరిలో డొకోమో సంస్థ ఐ-మోడ్ సేవను ప్రారంభించి సెల్‌ఫోనులో లేఖలు వ్రాసికొనుటను సామాన్యులకు అలవాటు చేసిన తర్వాత, ఆ చిన్నతెరపై ఐదుపంక్తుల బొమ్మ నిలువలేదు. ఒక్కపంక్తి నర్తకుడు నిలిచెను.

ఇన్ని గుర్తులను ఒక్కొక్కటిగా వెదకి కూర్చుట ప్రతివానికి సాధ్యమా యను సందేహము కలుగవచ్చును. దీనికి సమాధానము జపాను భాషను యంత్రమున వ్రాయు పద్ధతిలోనే యున్నది. 1978లో తోషిబా సంస్థ 63 లక్షల యెన్‌ల వెలతో ప్రకటించిన జేడబ్ల్యూ-10 అను లేఖనయంత్రము, ఉచ్చారణను స్వీయలిపిలో కొట్టినచో దానికి తగిన కంజి అక్షరములను తానే చూపు పద్ధతిని వాడుకలోనికి తెచ్చెను. ఒక ఉచ్చారణకు అనేకపదములు సరిపడునప్పుడు యంత్రము వానిని వరుసగా చూపును. వ్రాయువాడు తనకు కావలసినదానిని ఎన్నుకొనును. కంప్యూటరులకు, సెల్‌ఫోనులకు సంక్రమించిన ఈ పద్ధతిలో, యంత్రనిఘంటువున పదమునకు తావున్నచోట ముఖాక్షరమునకును తావు దొరకినది. 'కావో' యని కొట్టినచో ముఖముల వరుస వచ్చును; ఆడుట యను క్రియాపదమును కొట్టినచో నర్తకులను చూపు నిఘంటువులును కలవు. ఈ విధముగా నృత్యరూపము చిత్రముగా గాక పదముగా, నామవాచకములకును క్రియలకును సరసన కూర్చున్నది. దానిని వాడువాడు నిజముగా ఆడుచున్నాడని ఎవ్వరును అనుకొనరు. పరీక్ష గట్టెక్కినది, సెలవు దొరకినది, ఎదురుచూచిన పాట వెలువడినది అను వార్తలకు అది ఉపసంహారము. ఒకరు ┏(＾▽＾)┛ అని వ్రాయగా, మరియొకరు ┗(＾▽＾)┓ అని బదులువ్రాసి జతగూడుట స్నేహితులమధ్య వాడుక. అభినందనవాక్యము వ్రాయుటకంటె అది ఆత్మీయమైన పద్ధతి.

యూనికోడ్ వ్యాప్తితో జపాను సంకేతావళి హద్దులు తొలగి, ముఖాక్షరములలో ప్రపంచలిపులన్నియు అంగములుగా ప్రవేశించినవి. అరబ్బీ అంకెలలో తొమ్మిది, పారసీక అంకెలలో ఆఱు ఎదురెదురుగా నిలిచి పిడికిలి బిగించి ఎత్తిన చేతులైనవి. అయితే అరబ్బీ లిపి కుడినుండి ఎడమకు నడచునది గనుక, కొన్ని యంత్రములలో ఈ చేతులు తమ స్థానములను తప్పుచుండును. కెనడా ఆదివాసుల భాషలకై ఏర్పడిన అక్షరములు మోచేయి వంచి ధీమాగా అడుగువేయు నర్తకుని బాహువులైనవి. మన లిపికి సోదరియైన కన్నడలిపిలోని 'ఠ' కారము నిరసనతో గ్రుడ్లురిమి చూచు కన్నుగా ప్రపంచఖ్యాతి నొందినది. దాని సరసన తెలుగు 'ఠ' కారమును ఠ_ఠ అని కన్నులుగా చేరినది. మన అక్షరములకుగల గుండ్రదనము, నడుమనున్న చుక్క ఆ వాడుకకు కారణములు. ఈ క్రొత్త సంపద వలన రూపములు పెరిగినవే గాని, నృత్యము చూపు పద్ధతి మారలేదు. చేయి యెత్తుట, దించుట, ప్రక్కబొమ్మకు అందించుట అను మూడింటిమీదనే నేటికిని ఆ శాఖ నడచుచున్నది.

శాస్త్రజ్ఞులును ఈ విషయమును ఉపేక్షింపలేదు. హొక్కైడో విశ్వవిద్యాలయమున పరిశోధనచేసిన మిహావ్ ప్తషిన్‌స్కి, ఆయన సహచరులు 2010లో ప్రకటించిన పద్ధతిలో, పదివేలకు పైబడిన ముఖాక్షరములను సేకరించి, వానిని కన్ను, నోరు, చెక్కిలి, బాహువు మున్నగు ఖండములుగా విడదీసి, ఆ ఖండములను బట్టి భావమును యంత్రముచేత గుర్తింపజేసిరి. దీనికి వారు ఆధారముగా గైకొన్నది రే బర్డ్‌విజిల్ అను మానవశాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన అంగచలనశాస్త్రము. మాటలను ధ్వనులుగా విభజించినట్లే శరీరపు కదలికలను మూలాంశములుగా విభజింపవచ్చునని ఆయన సిద్ధాంతము. నృత్యరూపములవంటి వానికి ఇంతకంటె తగిన శాస్త్రము ఉండబోదు.

కావోమోజికిని, నేడు సర్వత్ర వ్యాపించిన ఎమోజికిని భేదము కలదు. ఎమోజి గుర్తుల కూర్పు కాదు. ఒక సంకేతస్థానమునకు కేటాయించిన చిన్నచిత్రము. కురిత షిగెతకా రూపొందించిన 176 చిత్రముల సంపుటిని డొకోమో సంస్థ 1999లో వెలువరించెను. నిలువునకు 12, అడ్డమునకు 12 చుక్కల జాలములో గీచిన ఆ చిత్రములను 2016లో న్యూయార్కులోని ఆధునికకళా ప్రదర్శనశాల తన సేకరణలో చేర్చుకొన్నది. 2010 అక్టోబరులో వచ్చిన యూనికోడ్ ఆఱవ కూర్పున నృత్యముచేయు స్త్రీయు, కుందేటిచెవులు ధరించి జతగా ఆడు స్త్రీలును ఎమోజిలుగా చేరిరి. పురుషనర్తకుడు 2016లో చేరెను. ఈ చిత్రములు రంగులతో మనోహరముగా నుండును. వ్రాయువాడు వానిని ఎన్నుకొనును గాని వాని భంగిమను మార్చలేడు. ముఖాక్షరములోనైతే నర్తకుని నోరు మూయవచ్చును, కన్ను తెరువవచ్చును, చేయి దించవచ్చును, ప్రక్కన మరి నలుగురిని నిలుపవచ్చును. ఈ స్వేచ్ఛయే ఎమోజి రాకతో ముఖాక్షరము అంతరింపకుండుటకు కారణమని నా అభిప్రాయము.

ఒక్క విషయమున మాత్రము ఎమోజి మేలైనది. చూపులేనివారికై తెరపైని వ్రాతను చదివి వినిపించు యంత్రములు ఎమోజిని దానికి నిర్ణయించిన పేరుతో, ఆడుచున్న స్త్రీ యని ఒక్కమాటలో చెప్పగలవు. కావోమోజి యెదురైనప్పుడు వానిలో కొన్ని బ్రాకెట్టును, మూలగీతను, త్రికోణమును ఒక్కొక్క పేరున చదువుకొనిపోవును. కొన్ని దానిని పూర్తిగా దాటివేయును. జంటను ఎనిమిదిమారులు వ్రాసిన సంతోషము వినువానికి దీర్ఘమైన గుర్తుల జాబితాగా మారును. చదివి వినిపించు యంత్రములు తమ నిఘంటువులలో ఈ కూర్పులకును పేర్లు చేర్చినచో ఈ అవరోధము చాలవరకు తొలగును. కన్ను, నోరు, బాహువులను విడదీసి గుర్తించు పద్ధతులు సిద్ధముగా నున్నవి గనుక ఇది దుస్సాధ్యమైన పనియు కాదు.